గుండిగ దిగినాక

ఆ పొద్దు ఆకాశానికి ఏం చేయాలో తోచినట్టు లేదు. తూర్పున ఎండ కాస్తూనే ఉంది, పడమటి గుట్టల మీద నుంచి సన్నని జల్లు దిగుతూనే ఉంది. రెండూ బాగేపల్లి బస్టాండు మీదికి వచ్చేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎండలో వాన. కుక్కకూ నక్కకూ పెళ్ళి. డ్రైవరు సీనప్ప బస్సు అద్దం తుడుస్తూ పైకి చూశాడు. పెళ్ళి ఎవరిదైతేనేం, భోజనానికి మాత్రం తను పోలేడు, అనుకున్నాడు.

ఆ రోజే వాళ్ళ ఇంటివాళ్ళ మునిదేవర.

మునిదేవరకు గుడీ గోపురమూ ఏమీ లేవు. చేలూరు దాటినాక గువ్వలవారిపల్లి చేలల్లో, రోడ్డుకు మైలు దూరం లోపల, ఒక కానుగ చెట్టు కింద సున్నం పూసిన మూడు రాళ్ళు. ఏడాదికొకసారి అక్కడ పొట్టేలు కోసి, అక్కడే వండి, అక్కడే తినాలి. వండేది మగవాళ్ళే. ఆ ఒక్క రోజు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకొని కూర్చుని వంటకు వంకలు పెడతారు. మిగిలిందని ఇంటికి తీసుకుపోకూడదు, పారబోయకూడదు. ఆ చెట్టు నీడలో కాలు పెట్టినవాడు శత్రువైనా సరే తినకుండా పోకూడదు.

అన్నిటికన్నా గట్టి కట్టడి ఇంకొకటి. సారు, అంటే మాంసం పులుసు, ఉడికే పెద్ద గుండిగ పొయ్యి మీది నుంచి నేలకు దిగినప్పటి నుంచి ఆఖరి మనిషి ఆకు మడిచేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ముని తపస్సులో ఉంటాడట. నోరు జారినవాడు మరుసటి ఏటికి పొట్టేలు ఇవ్వాలి. పొట్టేలు ఇచ్చినవాడే గుండిగ దించాలి. వేరేవాడు చెయ్యి వేస్తే ఆ ఏడు శెనక్కాయ చెట్లకు ఊడలు దిగుతాయి కానీ కాయలు రావు.

పోయిన ఏడు నోరు జారింది సీనప్పే. ఖాకీ చొక్కా కంప మీద ఆరేసి తింటూ ఉంటే ఎవరిదో లేగదూడ వచ్చి చేతి మడత నమలడం మొదలుపెట్టింది. సీనప్ప ఓర్చుకున్నాడు. చెయ్యంతా లోపలికి పోయినా ఓర్చుకున్నాడు. జేబు దాకా వచ్చేసరికి "థూ, నీయమ్మ!" అని అరిచేశాడు. అందరూ లేచి గంతులు వేశారు, నోరు మూసుకునే. అట్లా ఈ ఏటి పొట్టేలు ఆయనది, గుండిగ ఆయనది.

రజా అడిగాడు. ఒక్క రోజు సెలవు కావాలని అర్జీ రాసి ఇచ్చాడు. బెంగళూరులో ఏదో పెద్ద సభ ఉందని డిపోలో సగం బస్సులు అటు తోలారు. ఉన్న డ్రైవర్లకు రజా లేదన్నారు. పోతే పోనీ అని ఊరుకునే మనిషే సీనప్ప. కానీ శెనక్కాయలు ఊరందరివీ.

చెప్పకుండా తప్పించుకుందామంటే పైన గద్ద ఉంది. గద్ద అంటే చెకింగ్ ఆఫీసరు పురుషోత్తమ్. ఏ మలుపులో జీపు పెట్టుకుని ఉంటాడో, ఏ తుమ్మచెట్టు చాటు నుంచి చెయ్యి అడ్డం పెడతాడో ఎవరికీ తెలియదు. ఆయన చేతిలో సీనప్పకు ఇప్పటికే రెండు మెమోలు పడ్డాయి. ఒకటి బస్సు ఆపి దోసకాయలు కొన్నందుకు. ఇంకొకటి ఉక్కపోతకు ఓర్వలేక స్టీరింగు ముందు లుంగీ కట్టుకుని కూర్చున్నందుకు. "ఇంగొకటి పడిందంటే, సీనప్పా, ఈ రూటు మరిచిపో. రెండు రాత్రులు ప్రయాణం చేస్తే గాని ఇల్లు కనపడని డిపోకు ఏస్తా" అని చెప్పి ఉన్నాడు. చెప్పినంత పనీ చేసే మనిషి.

సీనప్పకు ఈ రూటే బతుకు. బాగేపల్లిలో బస్సు పెట్టేసి పొద్దుగుంకేసరికి ఇల్లు చేరతాడు. భార్య శశికళ పెట్టిన రాగి ముద్ద తిని టమాటా మడికి నీళ్ళు కడతాడు. రూటు పోతే మడి పోతుంది, ముద్ద పోతుంది. అందుకని రజా ఇవ్వలేదని తెలిసినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. మామూలుగానూ అనేవాడు కాదు కనుక ఎవరూ గమనించలేదు.

చింతామణిలో తిరుగు ట్రిప్పుకు బస్సు నిండింది. సీనప్ప ఇంజిను వేసి, కండక్టరు సునీల్‌కుమార్‌ను దగ్గరికి పిలిచాడు. సునీల్‌కుమార్ చిక్కబళ్ళాపురం పిల్లవాడు, కొత్తగా పరీక్ష రాసి వచ్చినవాడు. డిపో రూల్సు పుస్తకం బట్టీ పట్టినవాడు ఆ డిపోలో ఆయన ఒక్కడే.

"సునీలా, రేడియేటరు కాగుతాండాది."

"యాడ కాగుతాండాదన్నా? ముల్లు కిందనే ఉండాది."

"ముల్లు చెడిపోయిండాది."

"పొద్దున బాగానే ఉండె కదన్నా?"

"పొద్దున బాగుండేటివన్నీ మద్యాన్నం దాకా బాగుంటాయా? నువ్వు పెండ్లి చేసుకో, తెలుస్తాది."

సీనప్ప ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడడం సునీల్‌కుమార్ ఎప్పుడూ వినలేదు. ఎందుకైనా మంచిదని విజిల్ చేతిలోకి తీసుకున్నాడు.

డ్రైవరు వెనక సీటులో మునిరత్నమ్మ కూర్చుని ఉంది. సంతలో చింతపండు అమ్మి ఖాళీ గంపతో తిరిగి వస్తున్న మనిషి. ఆమె ముందుకు వంగింది.

"ఏమప్పా సీనప్పా, మీ దేవర ఈ పొద్దే కదా? పొట్టేలు నీదంట?"

"ఎవురు చెప్పిరి?"

"పొట్టేలే చెప్పింది. మొన్న నువ్వు తోలకపోతాంటే చూస్తి. ఇద్దరూ ఒగే మాదిరి ఉంటిరి, మాటా పలుకూ లేకుండా."

బస్సులో ముందు నాలుగు సీట్లూ నవ్వాయి. సీనప్ప చెవులు ఎర్రబడ్డాయి. గేరు మార్చాడు.

చేలూరు దాటింది. జల్లు పడుతూనే ఉంది, ఎండ కాస్తూనే ఉంది, రోడ్డంతా మెరుస్తోంది. సీనప్ప లెక్క తేలికైనదే. గువ్వలవారిపల్లి మలుపు దగ్గర బస్సు ఆపి, రేడియేటరుకు నీళ్ళని చెప్పి, చేలల్లో పరుగెత్తి, గుండిగ దించి, పరుగెత్తి రావాలి. కానీ మలుపు దగ్గరికి వచ్చేసరికి గాలి ఇటు తిరిగింది. మసాలా, ధనియాలు, కొబ్బరి, పొట్టేలు కొవ్వు అన్నీ కలిసిన వాసన కిటికీలన్నిటిలో నుంచి ఒక్కసారిగా బస్సు ఎక్కింది, టికెట్ లేకుండా. నిద్రపోతున్నవాళ్ళు లేచారు. ఎవరో గుటక వేసింది డ్రైవరు దాకా వినబడింది.

సీనప్ప చేతులు ఆయనను అడగకుండానే స్టీరింగును ఎడమకు తిప్పేశాయి.

సునీల్‌కుమార్ విజిల్ వేశాడు. బస్సు ఆగలేదు. ఇంకా గట్టిగా వేశాడు. బస్సు బండిబాటలో దిగి, ఒక పక్కకు ఒరిగి, లేచి, ముందుకు పోయింది.

"అన్నా! రూటు కాదన్నా ఇది! అన్నా!"

"రైట్, రైట్!" అని అరిచింది మునిరత్నమ్మ, గంప మీద దరువు వేస్తూ.

"రైట్, రైట్!" అన్నారు వెనక సీట్లవాళ్ళు. వాళ్ళలో సగం మందికి ఎక్కడికి పోతున్నారో తెలియదు. మిగతా సగానికి ముక్కు చెప్పింది.

నీలగిరి కొమ్మలు కిటికీలలోకి వచ్చి మనుషుల మొహాల మీద నీళ్ళు చిలకరించాయి. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి, తమ చేనిలో పోతున్న ఎర్ర బస్సును చూసి, కొడవళ్ళు ఊపారు. ఒక కోడి బస్సు ముందు పరుగెత్తి పరుగెత్తి, పక్కకు తప్పుకోవాలని చివరికి తట్టి, తప్పుకుంది. సీనప్పకు లోపల ఏదో బుడగ లేచినట్టయింది. ఇన్నేళ్ళూ గానుగెద్దులా ఒకే బాటలో పోయిన బస్సు ఇవాళ తాడు తెంపుకున్న కోడెలా పోతోంది. నోట్లో నుంచి పాట వస్తుందేమో అని ఆయనకే భయం వేసి పళ్ళు బిగించాడు.

కానుగ చెట్టు కింద సీనప్ప చిన్నాయన వెంకటప్ప గరిటె పట్టుకుని, తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు తప్ప మనిషి లేడు.

"చిన్నాయనా, ఏమిట్ల ఉండాది? మనోళ్ళు యాడ?"

"యాడొస్తారప్పా? బస్సులన్నీ సభకు పోయినాయంట. రోడ్డు మీద నిలబడి నిలబడి ఇంటికి పోయినారంట. ఇంత సారు, ఇంత పిండి, ఏం చేసేది చెప్పు? ఇంటికి పట్టకపోకూడదు, పారబోయకూడదు. ముని నన్ను తినేస్తాడు…" అంటూ తల ఎత్తి, సీనప్ప వెనక నిలబడి ఉన్నదాన్ని చూశాడు. గరిటె కింద పడింది. "రేయ్! బస్సే తోలకొస్తివా!"

"గుండిగ దించేసి పోతా చిన్నాయనా. చిటికెలో."

"బస్సు నిండా జనం ఉండారు కదరా!"

"వాళ్ళెవురూ దిగరు. దిగద్దండి అమ్మా, కూచోండి…"

అప్పటికే మునిరత్నమ్మ దిగింది. ఆమె వెనక గంపలు, సంచులు, చంకబిడ్డలు, చేతికర్రలు అన్నీ దిగాయి. వెంకటప్ప మొహం చూడాలి. పోయిందనుకున్న ఆవు దూడతో సహా ఇంటికి వచ్చినట్టు వెలిగిపోయింది.

"దిగినోళ్ళు తినాల్సిందే! తినకుండా పోయేకి లేదు! కూచోండి, వరసగా కూచోండి. ఆకులు తీయండప్పా! ఇంగో రెండు ఎసరు పెట్టి ముద్దలు కెలకండి!"

మాంసం ముట్టని పెద్దాయన ఒకడు బస్సులో ఉన్నాడు. ఆయనకు కొబ్బరీ బెల్లమూ అరటిపండ్లూ పెట్టి, వరస మొదట్లో గౌరవంగా కూర్చోబెట్టారు. ఉడుకుతున్న గుండిగ దగ్గరికి మునిరత్నమ్మ పోయి, ముక్కు ఎగబీల్చి, "మగోళ్ళ వంట. ఉప్పు తక్కువుండాది, చూడకుండానే చెప్తా" అంది. వెంకటప్ప ఆమెకు దండం పెట్టి ఉప్పు వేశాడు. బస్సు జనానికంతా ఇక్కడి కట్టడి ఏమిటో ఆయన గరిటెతో చూపిస్తూ చెప్పాడు: గుండిగ నేలకు దిగితే మాట బంద్. మాట్లాడితే వచ్చే ఏటి పొట్టేలు వాళ్ళదే. జనానికి ఇంకా హుషారు ఎక్కింది. ఇప్పుడే మాట్లాడేసుకుందామని అందరూ ఒక్కసారే మాట్లాడసాగారు.

సునీల్‌కుమార్ ఒక్కడు మాత్రం బస్సు మెట్టు మీద నిలబడి ఉన్నాడు, కింది మెట్టుకు కూడా రాకుండా.

"దిగప్పా సునీలా" అన్నాడు సీనప్ప.

"దిగనన్నా. దిగితే తినాల. తింటే నేనూ చేరినట్టే. రూలు ప్రకారం చూస్తే నేనింకా రూటులోనే ఉండా. బస్సే లేదు."

సీనప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు సగంలో ఉండగా జీపు చప్పుడు వినబడింది.

ఆయన బాట వైపు చూశాడు. అప్పుడు గాని ఆయనకు అర్థం కాలేదు, పొద్దుటి నుంచి పడుతున్న ఆ సన్నని జల్లు ఏం చేసిందో. మలుపు నుంచి కానుగ చెట్టు దాకా తడి నేల మీద బస్సు టైర్ల అచ్చులు కల్యాణానికి వేసిన ముగ్గులా తీర్చినట్టు ఉన్నాయి. గుడ్డివాడు కూడా వేలితో తడుముకుంటూ వచ్చేయవచ్చు. గద్దకు కళ్ళు బాగా కనిపిస్తాయి.

సునీల్‌కుమార్ భయంతో మెట్టు మీద నుంచి దూకేశాడు. దూకినాక గాని తన కాళ్ళు ఎక్కడ ఉన్నాయో చూసుకోలేదు.

"అయిపోయింది" అన్నాడు. "అన్నా, అయిపోయింది. నాది ఇంకా పర్మినెంట్ కూడా కాలేదు!"

సీనప్పకు టమాటా మడి కనబడింది. రెండు రాత్రుల దూరంలో ఏదో డిపోలో ఇనుప మంచం కనబడింది. ఆఫీసరు వస్తాడు, అడుగుతాడు. రేడియేటరని తనంటాడు, వాసనని మునిరత్నమ్మ అంటుంది, రూలని సునీల్ అంటాడు, ఆవిరని ఇంకొకరు అంటారు. బస్సెడు నోళ్ళు. బస్సెడు మాటలు.

ఆయన గుండిగ వైపు చూశాడు.

"చిన్నాయనా, ముద్దలు అయినాయా?"

"ఇంకొంచెం…"

"చాల్లే."

సీనప్ప గోనె పట్టలు రెండు చేతులకు చుట్టుకున్నాడు. జీపు నీలగిరి తోపు దాటింది. "మునయ్యా, నువ్వే చూసుకో!" అని గట్టిగా అని, గుండిగ చెవులు పట్టి, నడుము బిగించి, ఎత్తి, నేలకు దించాడు.

కరెంటు పోయినట్టు మాట పోయింది. బస్సెడు జనం పెదవులు కరుచుకున్నారు. చంకబిడ్డలు కూడా, ఏమయిందో అని తల్లుల మొహాలు చూస్తూ, నోళ్ళు తెరవలేదు. కానుగ ఆకుల మీద జల్లు చప్పుడు ఒక్కటే మిగిలింది.

పురుషోత్తమ్ జీపు దిగి, మెమో పుస్తకం చేతబట్టుకుని, బూట్లకు బురద అంటకుండా చూసుకుంటూ వచ్చాడు.

"ఏన్రీ ఇదు? ఏమిది సీనప్పా? బస్సు యాడుండాల, యాడుండాది?"

సీనప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిన్నే అడుగుతాండేది! ఎవురిని అడిగి తిప్పితివి?"

జల్లు పడుతోంది. సారు మీద ఆవిరి లేస్తోంది.

"కండక్టర్! నువ్వు చెప్పప్పా. రూల్సంతా తెలిసినోడివి కదా!"

సునీల్‌కుమార్ సెల్యూట్ కొట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదవులు మాత్రం కుట్టేసినట్టు ఉన్నాయి.

"ఏమమ్మా, మీరు చెప్పండి. టికెట్ యాడికి తీసుకొంటిరి? బలవంతంగా తోలకొచ్చినారా మిమ్మల్ని? భయపడద్దండి, నేనుండా!"

మునిరత్నమ్మ తన ఆకు మీద నీళ్ళు చల్లుకుని, అరచేత్తో తుడిచి, ఆకాశం వైపు చూసింది. పక్కన ఒకాయన భుజాలు అదురుతున్నాయి. ఇంకొకాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"ఇదేం బస్సప్పా? మూగోళ్ళనంతా ఏరి ఏరి ఎక్కించుకొంటివా? ఊరంతా ఒక్కటై నాటకం ఆడతాండారా నా దగ్గర? ఇప్పుడే రాస్తా, ఈ చెట్టు కిందనే రాస్తా…"

పెన్ను తీసి, రాయడానికి ఏదైనా ఎత్తు దొరుకుతుందేమో అని చుట్టూ చూశాడు. అప్పుడు చూశాడు రాళ్ళను, వాటికి పూసిన సున్నాన్ని. గరిటెలు పట్టుకుని నిలబడిన మగవాళ్ళను, కాళ్ళు చాపుకొని కూర్చున్న ఆడవాళ్ళను. ఆఖరికి నేల మీద ఉన్న గుండిగను.

ఆయన చెయ్యి తనంతట తనే లేచి నోటిని మూసేసింది.

సీనప్ప ఆ చెయ్యిని చూశాడు. ఎవరూ చెప్పకుండా ఆ కట్టడి బయటివాడికి తెలిసే వీలు లేదు. ఈ మనిషి నాగరగెరె దిక్కువాడని ఎప్పుడో ఎవరో అన్నారు. వాళ్ళ చేలల్లోనూ ఒక చెట్టూ మూడు రాళ్ళూ ఉండి ఉంటాయి. ఎన్ని ఏళ్ళ నుంచి రజా దొరక్క పోలేదో, అలవాటు తప్పింది. నోరు తెరిచినాక గాని గుర్తు రాలేదు.

వెంకటప్ప రెండు చూపుడువేళ్ళూ నుదుటికి ఇరుపక్కలా పెట్టి, పొట్టేలు కొమ్ముల్లా మెల్లగా వంచి, ఆ వేళ్ళతోనే ఆఫీసరును చూపించాడు.

పురుషోత్తమ్ తల అడ్డంగా ఊపాడు. వెంకటప్ప నిలువుగా ఊపాడు. ఆఫీసరు తన గుండె మీద వేలు పెట్టుకుని, నేనా, అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. బస్సెడు తలలు ఒక్కసారే అవునని ఊగాయి. సునీల్‌కుమార్ తల అందరికన్నా గట్టిగా ఊగింది, అది రూలు కనుక.

ఆఫీసరు మొహంలో మొదట కోపం ఉంది. ఆ వెనక ఇంకేదో వచ్చింది, బాల్యంలో ఎక్కడో వదిలేసిన ఆకలిలాంటిది. జీపు డ్రైవరు ఎప్పుడు వచ్చాడో, అప్పటికే వరసలో ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన సాహేబు కంట పడకుండా పక్కకు చూస్తున్నాడు.

పురుషోత్తమ్ బస్సు బానెట్టు వైపు వేలు చూపించి, సీనప్ప వైపు చూశాడు. సీనప్ప రెండు చేతులూ పైకి ఎత్తి, వేళ్ళు ఆడిస్తూ ఆవిరి చేశాడు. ఆఫీసరు ఆ ఆవిరిని గంభీరంగా చూశాడు. కాసేపటికి తనూ చేతులు ఎత్తి, ఇంకొంచెం పెద్ద ఆవిరి చేశాడు. బానెట్టు పగిలిపోయేంత ఆవిరి. సీనప్ప ఒప్పుకున్నాడు. అవును సార్, అంత కాగింది.

వచ్చే ఏడు ఇదే రోజున ఇదే చెట్టు కింద ఈ గుండిగను దించాల్సింది ఆయనే. ఆ రోజు ఆయనకు రజా ఎవరిస్తారో, ఆయన్ను ఇక్కడికి ఏ బస్సు తోలుకొస్తుందో, దాన్ని ఎవరు నడపాలో, ఇద్దరూ ఒకరి కళ్ళలో ఒకరు చదువుకున్నారు. సీనప్పకు నడిపే రూటు ఉండాలి, ఈ రూటే ఉండాలి.

పురుషోత్తమ్ బూట్లు విప్పాడు. సీనప్ప పక్కన ఖాళీ ఉంటే అక్కడికి వచ్చాడు. నేల తడిగా ఉంది. ఒక క్షణం ఆలోచించి, మెమో పుస్తకాన్ని కింద వేసి, దాని మీద కూర్చున్నాడు.

ముద్దలు వచ్చాయి. సారు వచ్చింది. ముద్ద మధ్యన బొటనవేలితో గుంట చేసి, సారు పోసుకుని, తుంచి, అద్ది, మింగడం మొదలైంది. ఎప్పుడూ సిగ్నలు దొరకని ఆ చేలో ఇవాళ ఎట్లా దొరికిందో, ఆఫీసరు జేబులో మొబైలు మోగింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని తీసి చూశాడు. డిపో. బస్సెడు జనం ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన వైపే చూశారు. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మునిరత్నమ్మ లేచి వచ్చి, దాన్ని ఆయన చేతిలో నుంచి తీసుకుని, నేల మీద పెట్టి, తన చింతపండు గంప బోర్లించింది.

ఎవరి భుజాలూ కదలకుండా లేవు. ఎవరి నోరూ తెరుచుకోలేదు.

ఆఫీసరు సారును నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు చిటికె పట్టినట్టు కలిపి చూపించాడు. ఉప్పు. మునిరత్నమ్మ వెంకటప్ప వైపు తిరిగి, చెప్తినా లేదా అన్నట్టు గడ్డం ఎగరేసింది. సీనప్ప తన ఆకు మీది ఉప్పు కొంచెం తీసి పక్క ఆకులో పెట్టాడు. ఎండ కాస్తోంది, జల్లు పడుతోంది. ఇద్దరూ తింటున్నారు.